ఎడం చేతి పక్క ఓడిన ఆటలు

నాకు నలభై ఏడేళ్లు. అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదకొండేళ్ల కిందట అప్పటి హెడ్మాస్టరు గారు పిల్లలకు చెస్ నేర్పే పని నా నెత్తిన పెట్టారు. నేర్పాలంటే ముందు నేను నేర్చుకోవాలి కదా, నేర్చుకున్నాను. ఆ పిల్లలు చదువులు ముగించుకుని వెళ్లిపోయారు గానీ ఆట మాత్రం నన్ను వదల్లేదు. గుంటూరులోనో ఒంగోలులోనో ఏదో ఒక ఫంక్షన్ హాల్లో పోటీలు పెడితే బస్సెక్కి వెళతాను. పెద్ద ఆటగత్తెనేమీ కాను. ఫలితాల పట్టికలో కింది నుంచి చూసుకుంటూ వస్తే నా పేరు త్వరగా దొరుకుతుంది.

ఆడిన ప్రతి ఆటా రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఇప్పటికి ఆరు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. ఇంటికొచ్చాక ఫోన్లో చెస్ యాప్ తెరిచి ఆ ఎత్తులన్నీ కొట్టి చూసుకుంటాను. ఎక్కడ తప్పు ఎత్తు వేశామో ఫోను ఎర్ర గుర్తు పెట్టి చూపిస్తుంది.

ఆ పుస్తకాల వల్లే నా జబ్బు బయటపడిందని మా ఆయన అందరికీ చెబుతుంటారు. అది సగమే నిజం. పుస్తకాల్లో ఉన్నదాన్ని నెల రోజులు ముందేసుకుని కూర్చున్నా నాకు అర్థం కాలేదు. అర్థమైంది మా అత్తమ్మ మార్తమ్మకు. ఆమెకు చెస్ రాదు.

ఇప్పుడు గండం గడిచింది. నాలాగా ఇంకెవరైనా గుమ్మాలకు గుద్దుకుంటూ తిరుగుతుంటే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నాకే ఇంకా తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. కాగితం మీద పెడితే అవైనా తేలతాయేమోనని కూడా.

జనవరి

ఎప్పుడు మొదలైందంటే చెప్పలేను. జనవరిలో మాత్రం నా ఎడం భుజం మీద ఎప్పుడూ ఒక నల్లని కమిలిన మచ్చ ఉండేది. వంటింటి గుమ్మానికి గుద్దుకునేదాన్ని. ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్న గుమ్మం అది. బడిలో బెంచీలకు గుద్దుకునేదాన్ని. గ్లాసు ఎక్కడ పెట్టానో కనపడేది కాదు. ఇల్లంతా వెతికాక నా పక్కనే ఉండేది.

ఒకరోజు బడి నుంచి స్కూటీ మీద వస్తున్నాను. పొలాల దారి రోడ్డులో కలిసేచోట ఎవరో గట్టిగా బ్రేకు వేసిన చప్పుడైంది. తల తిప్పితే చేతికందేంత దూరంలో పత్తి ట్రాక్టరు. రోడ్డుకు అటూ ఇటూ వేలాడేంత లోడు.

డ్రైవరు కిందికి దూకాడు. "ఏమ్మా! అంత దూరం నుంచి హారన్ కొడతానే ఉన్నా గదా! కళ్లు ఇంటికాడ పెట్టొచ్చావా?"

"నువ్వు ఎటునుంచి వచ్చావయ్యా?" అని అడిగాను. వెటకారం కాదు, నిజంగానే నాకు తెలియలేదు. ఇల్లంత పత్తి బండి ఉన్నట్టుండి భూమిలోంచి లేచినట్టు అనిపించింది.

మా ఆయన సుందరరావు జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పనిచేస్తారు. నెమ్మదైన మనిషి. ఆ సంగతి చెబితే ఆయన ముఖం మాడిపోయింది.

"అంతా ఆ చెస్ వల్లే కరుణా. బండి నడుపుతూ కూడా బుర్రలో గుర్రాలే పరిగెడుతుంటే ట్రాక్టర్లు ఎట్టా కనపడతాయి? మానెయ్ ఇక."

కళ్లజోళ్ల షాపుకు తీసుకెళ్లారు. అక్షరాలన్నీ చదివేశాను. పవర్ కొంచెం మారిందన్నారు, కొత్త అద్దాలు ఇచ్చారు. ఆ అద్దాలతో కూడా అదే గుమ్మానికి గుద్దుకున్నాను.

బడిలో ఇంకో తంటా. పరీక్ష నోట్సులు దిద్ది ఇస్తే ఒక అమ్మాయి వచ్చి, "టీచర్, ఈ పేజీ దిద్దలేదు" అంది. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత వరసగా వచ్చారు. నేను దిద్దాననే అనుకున్నాను. ఇంత పరధ్యానం ఏమిటో, వయసు మార్పేమోనని సరిపెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. లెక్కల టీచరుకు లెక్క తప్పుతోందని ఎవరితో చెప్పుకోను?

ఫిబ్రవరి

ఇక్కడ సాంబయ్య గారి గురించి చెప్పాలి. ఆయన మిరప రైతు, అరవై దాటినవారు. మా చుట్టుపక్కల చెస్ పుస్తకం చూసి ఆడగలిగిన మనిషి అప్పట్లో ఆయనొక్కరే. పదకొండేళ్ల కిందట ఏమీ రాని నాకు ఆట మొదలుపెట్టే పద్ధతులు నేర్పింది ఆయనే. మా అత్తమ్మ ఒకప్పుడు ఆయన చేలో కాయ కోసింది. ఆమె కోడలినైన నన్ను ఆయన ఎప్పుడూ "టీచరు గారూ" అనే పిలిచారు. బోర్డుకు ఆ పక్కన కూర్చున్నప్పుడు ఆయన, ఈ పక్కన నేను, అంతే.

గుంటూరు పోటీలో నాలుగో రౌండు ఆయనతో పడింది. నేను బాగా ఆడుతున్నాననుకున్నాను. ఉన్నట్టుండి ఆయన చెయ్యి బోర్డు మూలకు వెళ్లి, అక్కడి నుంచి ఏనుగును తెచ్చి నా మంత్రిని కొట్టేసింది. ఆ మూల ఏనుగు లేదు. నాకు తెలుసు, లేదు.

"అక్కడ ఏనుగు లేదండీ," అన్నాను.

"లేకపోవడమేంటి టీచరు గారూ? ఎప్పటినుంచో అక్కడే ఉందిగా."

"మీరు ఇప్పుడు జరిపారు."

నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్క బల్లల వాళ్లు తలలెత్తారు. పోటీలో తగవులు తీర్చే ఆర్బిటరు వచ్చాడు, మేమిద్దరం ఎత్తులు రాసుకునే స్కోరు కాగితాలూ తీసుకున్నాడు. సాంబయ్య గారి కాగితంలో మూడు ఎత్తుల కిందటే ఏనుగు ఆ మూలకు వెళ్లినట్టు ఉంది.

నా కాగితంలోనూ ఉంది. నా చేతి రాతే. నా పెన్నే.

"మేడమ్, మీరే రాశారు కదా," అన్నాడు ఆర్బిటరు మెల్లగా.

ఆ కాగితం వంక ఎంతసేపు చూశానో తెలియదు. నేను రాశాను. కానీ చూడలేదు. చూడనిదాన్ని ఎలా రాశాను?  ఆట ముగిశాక సాంబయ్య గారు చెయ్యి కూడా కలపకుండా లేచి వెళ్లిపోయారు. ఆయన మెడ వెనక చెమట పట్టి ఉంది. క్షమించండి అని కూడా నేను అనలేకపోయాను, ఎందుకంటే ఆ క్షణంలో కూడా ఏనుగు అక్కడ లేదనే నా మనసు చెబుతోంది.

మార్చి

ఆటలో తప్పును వెతకడం తప్ప నాకు ఇంకో మార్గం తెలియదు. అందుకని ఆరు నోట్సులూ తీశాను. ఏడాదిన్నర ఆటల్లో ఫోను ఎర్ర గుర్తు పెట్టిన ఎత్తులన్నీ ఒక కాగితం మీద రెండు వరసలుగా రాశాను. మంత్రి ఉండే పక్క జరిగిన పొరపాట్లు ఒక వరస, రాజు ఉండే పక్క జరిగినవి ఇంకొక వరస. ఏదో ఒకటి ఎక్కువ తేలుతుందని ఆశ. రెండూ సమానంగా వచ్చాయి. బోర్డుకు ఈ చివరా ఆ చివరా నేను గుడ్డిదాన్నే అన్నమాట. అంటే ఆటే పోయిందన్నమాట.

వెతుకుతుంటే ఇంకో సంగతి తగిలింది. అంతకుముందు ఏడాది ఒంగోలులో నాకంటే చాలా పైస్థాయి ఆటగాడిని ఓడించి కప్పు తెచ్చుకున్నాను. నా జీవితంలో గొప్ప ఆట అదే. ఈసారి జాగ్రత్తగా చూస్తే, ఆ ఆటలో నా మంత్రిని ఊరికే కొట్టేయగల చోట రెండు ఎత్తులపాటు వదిలేసి నేను మరో పక్క దాడి చేస్తున్నాను. ఇందులో ఏదో మోసం ఉందనుకుని అతను దాన్ని ముట్టుకోలేదు. బెదిరిపోయి ఓడిపోయాడు. నా ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. ధైర్యం కాదు, నాకసలు తెలియలేదు.

ఆ సాయంత్రం కప్పు కనపడకుండా బీరువాలో పెట్టేశాను. మా ఆయన అడిగితే, "దుమ్ము పడుతోంది," అన్నాను.

ఏప్రిల్

ఏడాదికి సరిపడా కారం కోసం మా ఇంట్లో ఏప్రిల్లో మిరపకాయలు బాగుచేస్తాం. అత్తమ్మ డాబా మీద చీర పరిచి కాయలు పోసింది. తొడిమలు తియ్యాలి, రంగు పోయిన తాలు కాయలు వేరు చెయ్యాలి. డెబ్బై దాటినా ఆ పనిలో ఆమె వేళ్లు మెషీన్లాగా ఆడతాయి. పొద్దున్నే ఎండ ముదరకముందు నేనూ పక్కన కూర్చున్నాను. నా ముందు ఒక కుప్ప, ఆమె ముందు ఒక కుప్ప.

కొంతసేపటికి నా కుప్ప అయిపోయిందని లేచాను.

"కూర్చో," అంది అత్తమ్మ. "ఆ సగం ఎవరికి వదిలిపెట్టావు?"

చూస్తే నా ఎడం పక్క కాయలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. గీత గీసినట్టు సగం నుంచి ఇటువైపు మాత్రం ఒక్క తాలు కాయ లేదు.

"చూసుకోలేదు అత్తమ్మా."

"అన్నంలో కూడా అంతే చేస్తన్నావు. పళ్లెంలో ఎడం పక్క కూర అట్టాగే ఉంటది. నా వంట నచ్చక వదిలేస్తన్నావేమో అనుకున్నా. అడిగితే బాగోదని ఊరుకున్నా." ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. "నువ్వు ఆ ఆట బల్ల ముందేసుకుని రోజూ తల పట్టుకుంటావు చూడు. పక్కన కూర్చుని చూస్తన్నాగా. బల్ల ఎట్టా తిప్పి పెట్టుకున్నా నువ్వు వేలు పెట్టి ఏడ్చేది ఎప్పుడూ నీ ఎడం చేతి పక్కే."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి దిగి ఆ కాగితం తీశాను.

తెల్లవాటితో ఆడినప్పుడు మంత్రి పక్క ఆటగాడికి ఎడమ చేతి వైపు ఉంటుంది. నల్లవాటితో ఆడితే అవతలి వైపు నుంచి కూర్చుంటాం కాబట్టి రాజు పక్క ఎడమ అవుతుంది. నేను వేసుకున్న రెండు వరసలూ ఒకటే వరస. దాదాపు ప్రతి ఎర్ర గుర్తూ నా ఎడం చేతి పక్కే. సాంబయ్య గారి ఏనుగు కూడా అంతే, ఆయన జరిపినప్పుడు తల తిప్పి చూసి రాసుకుని ఉంటాను, తల ఇటు తిప్పగానే అది నాకు లేకుండా పోయి ఉంటుంది. నేను దిద్దకుండా వదిలిన పేజీలు కూడా ఎడమవే అయి ఉంటాయి. నోటుబుక్కు తిరగేశాను. పాత పేజీల్లో రాత అంచు నుంచి మొదలైంది. రానురాను ఎడమ వైపు ఖాళీ పెరుగుతూ, చివరి ఆటల్లో కాగితం మధ్య నుంచే రాస్తున్నాను. ఎవరో కొద్దికొద్దిగా నన్ను కుడి వైపుకు తోస్తున్నట్టు.

లెక్కలు చెప్పే దాన్ని. పక్కల్ని తారుమారు చేసి చూడాలని నాకెందుకు తట్టలేదు? ఇప్పటికీ తెలియదు.

మరునాడు గుంటూరు వెళ్లాం. ఈసారి షాపుకు కాదు, కంటి డాక్టరు దగ్గరికి. ఒక గిన్నెలాంటి మెషీన్లో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బాగానే నొక్కాననుకున్నాను. వచ్చిన కాగితం మీద రెండు కళ్లకూ ఎడమ సగం నల్లగా ఉంది.

"కళ్లు బాగున్నాయమ్మా," అన్నారు డాక్టరు గారు. "కన్ను చూసినదాన్ని అందుకునే చోట ఏదో అడ్డం ఉంది. తలకు స్కాన్ తీయించాలి."

స్కాన్ గది బయట కుర్చీల్లో గంటలు గంటలు కూర్చున్నాం.  చెస్ మానెయ్ అన్న మా ఆయన నా నోట్సుల సంచీ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నారు. ఎందుకు తెచ్చారని అడిగితే, "డాక్టరుకు చూపిస్తే మంచిదేమో," అన్నారు. నా ఎడమ పక్క ఎవరో ఏడుస్తున్నారు. ఎంతసేపటినుంచో ఏడుస్తున్నారు. తల తిప్పితే పెదకాకాని నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. కొడుకు లోపల స్కాన్ గదిలో ఉన్నాడట. నేను ఇటు తిరిగితే ఆమె మాయమైపోయేది, ఏడుపు మాత్రం మిగిలేది. ఆ సంగతి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని లేచి, నా కుడి పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది. "ఇప్పుడు కనపడతన్నానా తల్లీ?" అంది. తన సంచీలోంచి ఒక బత్తాయి తీసి ఒలిచి నాకు సగం పెట్టింది. ఆమె కొడుకు ఏమయ్యాడో నాకు తెలియదు. పేరైనా అడగలేదు.

తలలో కుడి వైపు వెనక నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. మెదడు పొర మీద పెరిగిందని, చాలావరకు ఇలాంటివి ప్రమాదం లేనివేనని, చాలా నెమ్మదిగా పెరుగుతాయని చెప్పారు.

"ఎన్నాళ్లనుంచి ఉంది సార్?" అని అడిగాను.

"చెప్పలేమమ్మా. కొన్నేళ్లు అయి ఉండొచ్చు."

కుడి వైపు గడ్డ, ఎడమ వైపు చీకటి. నిజానికి చీకటి కూడా కాదు. చీకటైతే తెలిసేది. అక్కడ ఏమీ లేదంతే, వీపు వెనక ఏమీ కనపడనట్టు.

మే

ఆపరేషను సెలవుల్లో జరిగింది. దాని గురించి ఎక్కువ రాయలేను, ఎందుకంటే నాకు సరిగా తెలియదు. ముందురోజు పొద్దున తల వెనక జుట్టు తీస్తుంటే అత్తమ్మ రాలిన వెంట్రుకలన్నీ ఏరి కొంగులో వేసుకుంది. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థనలో ఒక్క మాటా నా చెవికెక్కలేదు. లేచాక నేను నేనుగానే ఉంటానా, బంటు ఎలా నడుస్తుందో గుర్తుంటుందా అనే ఆలోచనే. పక్షవాతం వస్తే, చూపు మొత్తం పోతే, ఇవి భయపడాల్సినవి. నేనేమో బంటు దగ్గర ఆగిపోయాను. సిగ్గనిపించి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మూడు నాలుగు రోజులు కలో నిజమో తేలలేదు. మా ఆయన ముఖం సగమే కనపడేది. ఆ సగాన్ని చూసి, "మీ తమ్ముడెప్పుడొచ్చాడు?" అని అడిగానట. ఆయనకు తమ్ముళ్లు లేరు. నర్సును పట్టుకుని పరీక్ష పేపరు ఎందుకు తేలేదని కోప్పడ్డానట. ఆ అమ్మాయి, "రేపు తెస్తాను టీచర్," అందట ప్రతి రోజూ, విసుక్కోకుండా.

ఒక మధ్యాహ్నం మా ఆయన నా కుడి చేతిలో ఏదో పెట్టారు. చెక్క బంటు. "ఇదేంటో చెప్పు," అన్నారు.

"బంటు."

"ఎట్టా నడుస్తది?"

"ముందుకు. కొట్టేటప్పుడు ఐమూలగా."

ఆయన కిటికీ వైపు తిరిగారు. ఆ మనిషి భుజాలు కదలడం చూసి నాకు అయోమయం. నేనేమైనా తప్పు చెప్పానా అనుకున్నాను.

గడ్డ మంచిదేనని రిపోర్టు వచ్చింది. ఇంటికి వచ్చాం.

ఆగస్టు

చూపు కొంచెం కొంచెం తిరిగి వచ్చింది, అంతా రాలేదు. కింది ఎడమ మూల ఇప్పటికీ లేదు. అన్నం తినేటప్పుడు పళ్లెం తిప్పుకుంటాను. స్కూటీ ఇక వద్దన్నారు. గది దాటేముందు తల ఎడమకు తిప్పి చూడటం అలవాటు చేశారు.

ఆగస్టులో మా ఆయన్ని వెంటబెట్టుకుని సాంబయ్య గారి చేను దగ్గరికి వెళ్లాను. ఆయన మిరప నారు మడి దగ్గర ఉన్నారు. నన్ను చూసి నిలబడ్డారు, దగ్గరికి రాలేదు. జరిగిందంతా చెప్పాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను.

ఆయన చేతులకున్న మట్టి ఒక్కొక్క వేలూ దులుపుకున్నారు.

"నువ్వన్న మాటకంటే ఇంకోటి కొరికిందమ్మా నన్ను," అన్నారు చివరికి. అంతవరకూ ఎప్పుడూ "మీరు" అనే మనిషి "నువ్వు" అన్నారు. "పదేళ్లు నాతో ఆడిన మనిషి ఊరికే అనదు గదా. నిజంగానే జరిపానేమో, వయసైపోయి నాకే తెలియడం లేదేమో అనుకున్నా. అప్పటినుంచి బోర్డు ముట్టుకుంటే ఒట్టు. మొన్న మీ మార్తమ్మ బజారులో కనపడి నీ తలలో గడ్డ తీశారని చెప్పింది. ఎంత హాయిగా అనిపించిందో!" వెంటనే నాలుక కరుచుకున్నారు. "ఛీ ఛీ. అదా మనిషి అనాల్సిన మాట?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. మా ఆయన ఏం చెయ్యాలో తెలియక, "నారు బాగుందండీ," అన్నారు.

నవంబరు

ఇప్పుడు మళ్లీ పాత ఆటలు చూస్తున్నాను. ఏ ఓటమి నాది, ఏది గడ్డది? అది ఎప్పుడు మొదలైందో డాక్టరే చెప్పలేనన్నారు. నాలుగేళ్ల కిందటి ఆటల్లోనూ ఎడమ పక్క తప్పులున్నాయి. కానీ కుడి పక్క తప్పులూ ఉన్నాయి. కప్పు ఎవరిది? పోయిన ఏడాది బడిలో పిల్లల మీద ఊరికే విసుక్కున్నానే, అది ఎవరు? కొన్ని రోజులు అంతా జబ్బు మీదికి నెట్టేయాలనిపిస్తుంది. కొన్ని రోజులు అలా నెట్టేస్తే నాకేమీ మిగలదేమోనని భయమేస్తుంది. ఈ లెక్క నాకు తేలలేదు.

తేలిన ఒక్క సంగతి చెబుతాను. ఎప్పుడూ ఒకే పక్క గుద్దుకుంటుంటే, ఒకే పక్క వస్తువులు కనపడకుండా పోతుంటే, కళ్లజోడు మార్చుకుని ఊరుకోకండి. పరధ్యానమని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. డాక్టరుకు చూపించండి.

పోయిన వారం గుంటూరులో పోటీకి వెళ్లాను. ప్రతి ఎత్తుకూ ముందు తల తిప్పి ఎడమ అంచు నుంచి చూసుకుంటూ వచ్చాను. గడియారంలో సమయమంతా దానికే సరిపోయింది. ఎడమ పక్క ఒక్క బంటు కూడా పోలేదు. ఆట మాత్రం పోయింది. కుడి పక్క, నిక్షేపంగా కనపడుతున్న పక్క, గుర్రం వచ్చి నా రాజునూ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంది. ఇంటికొచ్చి ఫోన్లో చూస్తే ఎర్ర గుర్తు అక్కడే పడింది.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "ఏమైందే?" అంది.

"ఓడిపోయాను అత్తమ్మా."

ఆమె ముఖం వాడిపోయింది. "మళ్లీ ఎడం పక్కేనా?"

"కాదు. కుడి పక్క."

"కుడి పక్క బాగానే కనపడతది గదా నీకు?"

"బాగా కనపడుతుంది."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "అయితే నీకు ఆట సరిగ్గా రాదన్నమాట," అంది.

"రాదు అత్తమ్మా," అన్నాను.